దొనకొండలో దిగని విమానం

విమానాశ్రయం చూడ్డానికి రైలెక్కి పోయినవాళ్ళు ఎంతమంది ఉంటారో గానీ, నేనొకణ్ణి! ఎర్రగుంట్లలో బండెక్కి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, బనగానపల్లె మీదుగా నంద్యాల చేరాను. 123 కిలోమీటర్ల ఈ లైను 2016లో పూర్తయింది. అంతకుముందైతే గుంతకల్లు చుట్టి రావాల్సిందే. నంద్యాలలో గుంటూరు వైపు బండి మారితే నల్లమల అడవి, గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్డు... ఆ తర్వాత దొనకొండ.

మీటరుగేజి రోజుల్లో ఇక్కడ బొగ్గింజన్ల లోకోషెడ్డు ఉండేది. బ్రాడ్‌గేజి వచ్చింది, షెడ్డు పోయింది, ఊరి కళా పోయింది. "ఏరోడ్రోము ఎటు పోవాలి?" అని అడిగితే టీకొట్టాయన నన్ను ఎగాదిగా చూసి "స్థలం కొంటానికొచ్చారా సార్?" అన్నాడు. ఆ ప్రశ్న వెనక పెద్ద కథే ఉంది, చెప్తాను.

వెళ్ళి చూస్తే సర్కారుతుమ్మ చెట్లు, గొర్రెల మంద, నేలబారుగా సాగిపోయిన రన్‌వే ఆనవాలు. దాదాపు 136 ఎకరాలు!

1942 మార్చిలో రంగూన్ జపాను వాళ్ళ చేతికి చిక్కింది. ఏప్రిల్ 6న మన విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. మద్రాసులో జనం మూటాముల్లె సర్దుకుని ఊళ్ళు పట్టారు. ఆ రోజుల్లో ఇంగ్లీషు సర్కారు దేశమంతటా హడావుడిగా విమాన మైదానాలు వేయించింది. యుద్ధకాలంలో దొనకొండ వాటిలో ఒకటైంది. ఈ మెట్టలోనే ఎందుకంటారా? సముద్రానికి దూరం, పక్కనే రైలు. పెట్రోలు పీపాలు దింపుకోవడానికి ఇంతకన్నా వీలైన చోటేదీ? ఇది నా లెక్క సుమండీ!

యుద్ధం ముగిశాక ఈ మైదానాలకు తలోరాత. విజయవాడ ఫంక్షన్లకొచ్చే మన తారలు దిగే గన్నవరం ఆనాటి సైనిక స్థావరమే. గోదావరి షూటింగులకు పోయేవాళ్ళ మధురపూడీ ఇంగ్లీషువాళ్ళు వేసిందే. మద్రాసు దగ్గర చోళవరం సంగతి ఇంకా తమాషా. యుద్ధ విమానాల బాట మీద 1980ల దాకా కార్ల పందేలు, మోటార్ సైకిళ్ళ పందేలు జరిగాయి. కోడంబాకంలో కాలం గడిపిన మన సినిమావాళ్ళను అడగండి, కథలు కథలుగా చెప్తారు.

దొనకొండకు మాత్రం ఏ వేషమూ దక్కలేదు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు రాజధాని ఇక్కడేనని గుప్పుమంది. రైలుంది, విమానాల మైదానముంది, ఇంకేం కావాలన్నారు. కార్లు బారులు తీరాయి, ఎకరం రేటు ఆకాశానికి ఎగిరింది. ఇక్కణ్ణుంచి చాలాకాలానికి ఎగిరింది అదొక్కటే! సెప్టెంబరు 4న రాజధాని విజయవాడ పరిసరాల్లోనని అసెంబ్లీలో ప్రకటించారు. అప్పుచేసి అడ్వాన్సులిచ్చినవాళ్ళు ఏమయ్యారో అడిగితే టీకొట్టాయన గ్లాసులు కడుక్కుంటూ ఊరుకున్నాడు.

రన్‌వే మీద గొర్రెలు తోలుతున్న పెద్దాయన్ని మాత్రం కదిలించాను. "రాజధాని వస్తదన్నారు, విమానం వస్తదన్నారు. వస్తే మాత్రం ముందుగా చెప్పమనండి సార్, మందను పక్కకు తోలుకోవాలిగా" అన్నాడు.