పచ్చయప్ప మొదలియారు మరణశాసనము

చెన్నపట్టణమునకు బోవు మన సోదరీమణులు హైకోర్టు నెఱ్ఱని గుమ్మటములను జూతురు, సముద్రతీరమున విహరింతురు, బజారులో చీరలు బేరమాడుదురు. ఆ హైకోర్టున కెదురుగ, నేతాజీ సుభాస్ చంద్రబోసు రోడ్డులో, అంగళ్ల వెనుక దాగియున్న స్తంభముల మందిరమును తల యెత్తి చూచువారు మాత్ర మరుదు. అదియే పచ్చయప్ప హాలు. ఏథెన్సు నగరమందలి థీసియసు దేవాలయము ననుసరించి దీనిని గట్టి 1850లో తెఱచిరి. అంగళ్ల సందడిలో దాని మెట్లయొద్దకు జేరుటకు మేము కొంత త్రోవ వెదకికొనవలసివచ్చెను. చేరి నిలిచినపిదప నా స్తంభముల యౌన్నత్యమునకు మెడలు నొచ్చునట్లు చూచితిమి.

పచ్చయప్ప 1754లో, తండ్రి గతించిన పిమ్మట జన్మించిన బిడ్డ. తల్లి యాడపిల్లలతోడను, కడుపులోని యీ శిశువుతోడను పెరియపాళయము జేరి, యొక కుటుంబమిత్రుని యాదరణమున దినములు గడపెను. తరువాత చెన్నపట్టణమునకు వచ్చి నారాయణపిళ్ల యను దుబాసీ నాశ్రయించెను. ఆమెను గూర్చి చరిత్రకారులు రెండు వాక్యములకన్న నెక్కువ వ్రాయరు. మాకది చాలదు. దిక్కులేని యా యిల్లాలు తగిన యాశ్రయమును వెదకి పట్టుకొననిచో ఈ స్తంభము లెక్కడివి?

బాలుడు నారాయణపిళ్లయొద్దనే వ్యాపారము నేర్చెను. దుబాసీ యనగా రెండు భాషలవాడు. తెల్లదొరలకును దేశీయులకును నడుమ నిలిచి క్రయవిక్రయములు నడపువాడు. ఆ వృత్తిలో పచ్చయప్ప లక్షలు గడించి, నలువదియేండ్ల ప్రాయముననే 1794లో కాలధర్మము నొందెను. మరణమునకు గొలదిదినములు ముందు కుంభకోణమున నాతడు వ్రాయించిన మరణశాసనములో దేవాలయ కైంకర్యములును, దానధర్మములును ప్రధానములు. ఇంగ్లీషు కళాశాల యను తలంపు నాడు మన దేశమున నెవ్వరికి గలదు?

ఆస్తి యున్నచోట వ్యాజ్యము తప్పునా! ఏండ్లు గడచెను, ధర్మము జరుగదాయెను. వడ్డీ మాత్రము పెరుగుచుండెను. తుదకు అడ్వొకేటు జనరలు జార్జి నార్టను దొర పట్టుదల వహించెను. సుప్రీముకోర్టువారు దైవకార్యములకై లక్ష వరహాలు ప్రత్యేకించి, మిగిలిన ద్రవ్యమును విద్యకు వినియోగింప నేర్పాటు గావించి, హిందువులగు ధర్మకర్తల చేతబెట్టిరి. దేవుని సొమ్ము బడికి బెట్టవచ్చునా యని కొందఱు శంకింతురు. కోవెలల భాగమును దీయక, కుప్పవడియున్న శేషమునే బిడ్డల చదువునకు మరల్చిరి గావున మాకందు దోషము గానరాదు.

1842 జనవరి 1వ తేదీన పోఫామ్సు బ్రాడ్వే వీథిలో బీద హిందూ బాలురకు ఉచిత పాఠశాల తెఱవబడెను. దాత పోయి అప్పటికి నలువదియెనిమిదేండ్లు! ఇంగ్లీషుతోపాటు అఱవమును, తెలుగును గూడ నచట నేర్పిరి. ఆ సొమ్ములో మన బిడ్డలకును భాగము గలిగినదని వినినపుడు మాకు గలిగిన సంతోషమును దాచుకొనజాలము. అయిన నితర మతస్థుల కందు బ్రవేశము లేకుండెను. ఆ నిబంధన 1947 వఱకును సడలలేదు. ఇది మాకు రుచింపలేదు.

పాఠశాల క్రమముగ బెరిగి 1889లో మొదటితరగతి కళాశాల యయ్యెను. గణితవేత్త శ్రీనివాస రామానుజను 1906లో నిట జేరి, గణితముదప్ప తక్కిన పాఠములయందు మనసు నిలువక పరీక్షలో దప్పెను. అట్టివానికి తప్పుటయు నొక ముచ్చటయే!

1940లో కళాశాల చేట్‌పట్టునకు దరలెను. నేటి చెన్నైలో, గిండీలో, ఈ ధర్మసంస్థవారే చెల్లమ్మాళ్ పేర స్త్రీల కళాశాల నడపుచున్నారు. హాలు చూడబోవు సోదరీమణులు గిండీకిని బోయి, పుస్తకములు చేతబూని ద్వారమున బోవుచున్న యా బాలికలను గూడ జూచి రావలయునని మా కోరిక.