మౌలాలి గుట్ట నుంచి మడ అడవి దాకా

మౌలాలి గుట్ట ఎక్కి చూస్తే ఏం కనిపిస్తాయి? బండరాళ్ళు, రైలు పట్టాలు, ఇళ్ళ కప్పులు, పైన చక్కర్లు కొట్టే గద్దలు! ఆ గుట్ట నీడలో పెరిగిన మా తమ్ముడికి అడవి జంతువంటే వెండితెర మీద చూసినవే తెలుసు. అలాంటివాడు ఒకరోజు హఠాత్తుగా, "అన్నా, బావురుపిల్లిని చూడాలి" అన్నాడు. వచ్చే నెల ఉద్యోగానికి దుబాయ్ వెళ్తున్నాడు. వెళ్ళేవాడి కోరిక కాదనగలమా చెప్పండి?

సికింద్రాబాద్‌లో రాత్రి రైలెక్కాం. తెల్లవారేసరికి కాకినాడ! వేడి వేడి ఇడ్లీ తిని, యానాం వెళ్ళే దారి పట్టాం. ఆ దారిలోనే ఉంది కోరింగ అభయారణ్యం. గోదావరి సముద్రంలో కలిసే చోట, సుమారు 235 చదరపు కిలోమీటర్ల మడ అడవి. 1978లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు.

గోదావరి అనగానే మన సినీప్రియులకు 'మూగమనసులు' (1964) పడవా, 'అందాల రాముడు' (1973) లాంచీ గుర్తుకొస్తాయి. కానీ ఈ గోదావరి వేరు సుమండీ! పాటు సమయంలో నీళ్ళు వెనక్కి తగ్గి, నల్లటి బురద బయటపడింది. ఆ బురదలోంచి మేకులు దిగ్గొట్టినట్టు వేలకు వేలు వేర్లు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. బురదలో గాలాడదు కదా, అందుకని మడచెట్లు వేళ్ళను పైకి పంపి ఊపిరి పీల్చుకుంటాయట!

చెక్కల వంతెన మీద నడుస్తూ కిందికి చూశాం. ఒంటి డెక్క పెద్దగా ఉన్న ఎర్రపీతలు, బురద మీద గెంతుతున్న చేపలు! చేప నేల మీద గెంతడం చూసి మావాడు నోరు తెరిచాడు.

పోటు వచ్చాక పడవెక్కాం. కొమ్మ మీద లకుముకి పిట్ట కనబడగానే మావాడు ఆనందం పట్టలేక గట్టిగా ఈల వేశాడు. అంతే! పిట్ట తుర్రుమంది. ఎదుటి గట్టు మీద నల్లగా కదిలినవేవో బుడుంగున నీళ్ళలో మునిగిపోయాయి.

"నీటికుక్కలండీ అవి" అన్నాడు పడవ నడిపే పెద్దాయన నిదానంగా. "బాబూ, హాల్లో ఈలేస్తే హీరో పారిపోడండీ. ఇక్కడ మాత్రం పారిపోతాడండి, ఆయ్!"

తమ్ముడి మొహం చిన్నబోయింది. ఐదారు వందల కిలోమీటర్ల దూరం ఒక్క ఈలకు ఖర్చయిపోయింది!

"మరి బావురుపిల్లి?" అని నేనే అడిగాను. పెద్దాయన నవ్వి, "అది రాత్రి వేటగాడండీ. పగలు మనకెక్కడ దొరుకుద్ది?" అంటూ పడవను గట్టుకు చేర్చి, మెత్తటి బురదలో గుండ్రటి అడుగుజాడలు చూపించాడు. చేపలు పట్టుకు తినే పిల్లి అది. పిల్లి జాతిలో ఇలా నీళ్ళలో దిగి వేటాడేవి బహు అరుదు. హీరో రాకపోయినా, సంతకం పెట్టి వెళ్ళాడన్నమాట!

ఆయనే మరో కథ చెప్పాడు. ఒకప్పుడు కోరంగి పెద్ద ఓడరేవు. 1789లోనూ, 1839లోనూ వచ్చిన తుపానులకు సముద్రం మీదపడి ఊరినే తుడిచిపెట్టింది. ఈ తీరం నుంచి ఓడలెక్కి పొట్టకూటికి రంగూన్ వెళ్ళిన తెలుగువాళ్ళను బర్మాలో 'కోరంగీలు' అనేవారు. ఊరి పేరే మనిషి పేరైపోయిందన్నమాట! మడచెట్లు అలల జోరును విరిచి వెనకున్న ఊళ్ళకు అడ్డునిలుస్తాయి. అందుకే ఈ అడవిని నరుక్కుంటే మన గోడ మనమే కూల్చుకున్నట్టు.

చెట్టుకు వేలాడుతున్న పొడుగాటి మొలకను తమ్ముడు వేలితో చూపించాడు. ఈ చెట్లలో కొన్నింటికి గింజ తల్లిచెట్టు మీదే మొలకెత్తుతుంది. తర్వాత నీళ్ళలో పడి తేలుతూ పోయి, ఎక్కడ మట్టి దొరికితే అక్కడ నాటుకుంటుంది. వాడు దానివైపే చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

వెనక్కి తిరిగాం. ఎవరమూ మాట్లాడడం లేదు. మలుపు దగ్గర పెద్దాయన చెయ్యెత్తాడు. గట్టు మీద నాలుగు నీటికుక్కలు! ఒకటి చేపను రెండు చేతులా పట్టుకుని తింటోంది, మిగతావి బురదలో పొర్లుతున్నాయి. మావాడు రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. ఫోను తియ్యడం కూడా మర్చిపోయాడు.

మీరూ వెళ్ళదలుచుకుంటే చలికాలంలో వెళ్ళండి. పోటు, పాటు వేళలు ముందే కనుక్కోండి. ముఖ్యంగా, ఈలలు ఇంటి దగ్గరే వదిలి వెళ్ళండి!

రైల్లో తమ్ముడు, "అన్నా, నేను సెలవుల్లో వచ్చినప్పుడు మళ్ళీ పోదామా?" అన్నాడు. తెల్లవారుతుంటే కిటికీలోంచి మౌలాలి గుట్ట కనిపించింది. వాడు దాన్నీ అంతే నిశ్శబ్దంగా చూస్తూ కూర్చున్నాడు.