బ్లాక్‌ఫుట్ ఒడ్డున... నాన్న నేర్పిన తాళం

గాలానికి వానపామును గుచ్చి, బెండు ఎప్పుడు మునుగుతుందా అని గట్టుమీద గంటలకొద్దీ కూర్చోవడం... చేపలు పట్టడమంటే మనకు తెలిసింది ఇదే. అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో, బ్లాక్‌ఫుట్ నది ఒడ్డున కథ వేరు. అక్కడి ఎర ఉత్తుత్తి ఈగ! కొక్కేనికి ఈకలు, వెంట్రుకలు, దారం చుట్టి తయారుచేస్తారు. దానికి బరువుండదు కాబట్టి విసిరితే నాలుగడుగులు కూడా పోదు. అందుకే లావుపాటి దారాన్ని గాల్లో వెనక్కీ ముందుకీ ఆడించి, ఆ దారం బరువుతోనే ఈగను నీటిమీదికి పంపాలి. అదీ నిజం ఈగ వాలినంత సుతారంగా. ఏమాత్రం తేడా వచ్చినా ట్రౌట్ చేప కన్నెత్తి చూడదు. దీన్నే ఫ్లై ఫిషింగ్ అంటారు.

ఈ విద్యను ఓ తండ్రి తన ఇద్దరు కొడుకులకు నేర్పడం వల్లే బ్లాక్‌ఫుట్ పేరు ప్రపంచానికి తెలిసింది.

ఆయన జాన్ మెక్‌లేన్, చర్చి పాస్టరు. 1909లో కుటుంబంతో మిజూలా పట్టణానికి వచ్చారు. పెద్దకొడుకు నార్మన్‌ను కొన్నేళ్లపాటు బడికి పంపకుండా తానే చదువు చెప్పారు. గాలం పట్టించడంలోనూ ఆయనది పంతులుగారి పద్ధతే. సంగీతం మాష్టారు తాళం వేయించినట్టు, మెట్రోనోమ్ పెట్టి మరీ నాలుగు లెక్కల్లో గాలపు కర్రను ఆడించడం సాధన చేయించేవారట. గడియారంలో పదికీ రెండుకీ మధ్యే కర్ర ఆడాలి. అంతకు మించి కదిలితే తప్పే! వేసవి సెలవుల్లో ఎక్కాలు అప్పజెప్పించుకునే మన నాన్నలు గుర్తొస్తున్నారు కదూ.

నాన్న దగ్గర ఇద్దరూ నేర్చుకున్నా, తమ్ముడు పాల్ చేతిలో ఆ విద్య కళ అయింది. పత్రికా విలేకరి. పేకాట, తాగుడు మాత్రం అతణ్ని వదల్లేదు. 1938లో షికాగోలో ఎవరో కొట్టి చంపేశారు. హంతకులు దొరకనేలేదు.

నార్మన్ షికాగో విశ్వవిద్యాలయంలో సాహిత్యం బోధించారు. వేసవి వస్తే మాత్రం సీలీ సరస్సు ఒడ్డున నాన్న కట్టిన చెక్క ఇంటికి చేరేవారు. 1973లో రిటైరయ్యాక, పిల్లల ప్రోత్సాహంతో, అన్నాళ్లూ వాళ్లకు చెప్పిన కథలను కాగితంమీద పెట్టారు. అలా 1976లో 'ఎ రివర్ రన్స్ త్రూ ఇట్' వచ్చేనాటికి ఆయన వయసు 73. న్యూయార్క్ ప్రచురణకర్తలు కాదంటే, తాను పనిచేసిన విశ్వవిద్యాలయం ప్రెస్సే అచ్చేసింది.

అయితే, పాఠకులు ఆ పుస్తకం చదివి మనసు పారేసుకున్న నది అప్పటికే మంచం పట్టింది. 1975 జూన్‌లో ఎగువన 'మైక్ హార్స్' గని వ్యర్థాలను ఆపే కట్ట తెగి, విషపు బురద నీళ్లలోకి కొట్టుకొచ్చింది. దానికి తోడు కొండలమీద అడవుల నరికివేత. 1992లో రాబర్ట్ రెడ్‌ఫోర్డ్ ఈ కథను సినిమాగా తీసినప్పుడు, బ్రాడ్ పిట్ గాలం విసిరింది ఎక్కువగా గాలటిన్ నదిలో. తన కథలో తానే నటించలేని స్థితి బ్లాక్‌ఫుట్‌ది!

నదిని మళ్లీ లేపి కూర్చోబెట్టిన వాళ్లలో ఆ లోయలో పశువులు మేపుకునే రైతులూ ఉన్నారు. 1993లో 'బ్లాక్‌ఫుట్ చాలెంజ్' పేరుతో అధికారులతో, ప్రకృతి ప్రేమికులతో కలిసి ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. చేపలు గుడ్లు పెట్టేది పెద్ద నదిలో కాదు, పిల్ల వాగుల్లో. పశువులు తొక్కి పాడుచేయకుండా వాగుల వెంట కంచెలు వేశారు. సాగునీటి కాలువల్లోకి కొట్టుకుపోయి పొలాల్లో చిక్కుకుంటున్న చేపల కోసం కాలువ మొదట్లో జల్లెడలు అమర్చారు. దిగువన, క్లార్క్‌ఫోర్క్ నదిలో బ్లాక్‌ఫుట్ కలిసేచోట 1908 నాటి మిల్‌టౌన్ ఆనకట్ట ఉండేది. దాని వెనక పేరుకున్న గని మట్టివల్ల ఊరి బావినీళ్లలో ఆర్సెనిక్ ఉందని 1981లో బయటపడింది. 2008లో ఆ ఆనకట్టను తెంచేశారు. నూరేళ్ల తర్వాత చేపలకు దారి తెరుచుకుంది.

ఆ సంగమం మిజూలా నుంచి పది కిలోమీటర్ల దూరమే. అక్కణ్నుంచి 200వ నంబరు హైవే చాలా దూరం నది పక్కనే సాగుతుంది. మంచు కరిగే మే, జూన్‌లలో నీళ్లు బురదగా, ఉరవడిగా ఉంటాయి. జులై నుంచి అడుగున రాళ్లు లెక్కపెట్టుకోవచ్చు. యెల్లోస్టోన్ చూడ్డానికి వెళ్లే మనవాళ్లు ఇంకో అయిదు గంటలు కారు నడపగలిగితే చాలు. గాలం వేయాలంటే లైసెన్సు తప్పనిసరి. బుల్ ట్రౌట్ పడిందా... ఎంత పెద్దదైనా వెంటనే నీళ్లలో వదిలేయాల్సిందే. పులుసు ఆశలు పెట్టుకోకండి!

పాస్టరుగారు కట్టిన ఇల్లు ఇప్పటికీ ఆ కుటుంబానిదే. నార్మన్ కొడుకుదీ తాతగారి పేరే, జాన్. ఆయనా విలేకరే. నాన్న దగ్గర నేర్చుకున్న వేట గురించి, ఆ నది గురించి 2021లో 'హోమ్ వాటర్స్' అనే పుస్తకం రాశారు.