రాఘవుని విషాదము, బడిపిల్లల మనోధైర్యము

విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలో రామతీర్థ క్షేత్రమున్నది. అచ్చటి స్వామి కోదండరాముడు. భక్తులు ఆయనను ధీరోదాత్తునిగానే ధ్యానింతురు. కాని ఆ ధీరుడే ఒకనాడు అన్నపానములు రుచింపక, ఎవరితోనూ పలుకక, దినదినము కృశించిన బాలుడని యోగవాసిష్ఠం తెలుపుచున్నది. అప్పటికి ఆయనకు పదునారేండ్లు నిండలేదు. నేటి లెక్కలో పదవ తరగతి చదువు వయస్సు!

ఆ గ్రంథంలోని ఆరు ప్రకరణములలో మొదటిది వైరాగ్య ప్రకరణము. విశ్వామిత్రుడు యాగరక్షణకై రాముని కోరగా, పరిచారకులు రాకుమారుని దుఃస్థితిని విన్నవింతురు. పిమ్మట రాముడు సభలో తన వేదనను వెల్లడించును. సంపద, యౌవనము, ఆయుస్సు, అన్నిటి నిస్సారతను గూర్చి ఆయన సుదీర్ఘముగా పలుకగా సభ యంతయు విన్నది. వసిష్ఠుని బోధ ఆ తరువాతనే. మన తరగతి గదులలో ఈ క్రమం తరచు తలక్రిందులగుచున్నది. బోధ ముందు, వినుట ఎన్నడో.

వసిష్ఠుడు తొలుత ప్రతిపాదించినది పౌరుషము. దైవమని జనులు పిలుచునది పూర్వప్రయత్న ఫలమే. నేటి ప్రయత్నం దానిని జయింపగలదు. ఇంటరు తప్పిన విద్యార్థికి కొద్ది వారములలోనే సప్లిమెంటరీ పరీక్ష కలదు. "నా నుదుటి వ్రాత ఇంతే" అను భావనయే ఆ పరీక్షకంటె కఠినము. 2019 ఏప్రిల్‌లో ఇంటరు ఫలితముల తరువాతి దినములలో తెలంగాణ 20 మందికి పైగా విద్యార్థులను కోల్పోయినది. మార్కుల నమోదులో దోషములున్నవని పిదప తేలినది.

మోక్షద్వారమున నలుగురు పాలకులను వసిష్ఠుడు చెప్పెను: శమము, విచారము, సంతోషము, సాధుసంగమము. తెలుగు వాడుకలో విచారమనగా దుఃఖమే. శాస్త్రంలో దుఃఖమెట్లు పుట్టినదను పరిశీలన. ఒక్కరితో చెలిమి కుదిరినచో మిగిలినవారును దగ్గరగుదురట. పిల్లలకు సులభుడు నాలుగవవాడు: వినగల ఒక ఉపాధ్యాయుడు, ఒక స్నేహితుడు. ఎవరును లేని రాత్రివేళ 14416 సంఖ్యకు చేసిన ఫోను సైతం సాధుసంగమమే. ప్రభుత్వ టెలి మానస్ సేవ అది, 2022 నుండి నడచుచున్నది.

నెల్లిమర్లలో ఉపాధ్యాయులు ఉదాహరణలకై దూరం పోనక్కరలేదు. జూట్ మిల్లు మూతపడిన నెలలను గట్టెక్కిన కుటుంబములున్న ఊరది. తితిక్ష యను పదం తెలియకున్నను, దాని ఆచరణ ఆ ఇండ్లలో కలదు. ఆ నెలలలో పొయ్యి ఎట్లు వెలిగినదో తాతను, అమ్మమ్మను అడిగి వ్రాసికొని రమ్మని పిల్లలకు చెప్పవచ్చును.