దిల్‌సుఖ్‌నగర్ టీచరమ్మ పంపిన ఫోటో

మామిడి సీజన్ దగ్గరికొస్తుంది. ఈసారి మనోళ్లు చాలామంది వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకొని సిటీకి నేరుగా పంపుతం అంటున్నరు. మంచిదే. నేను మొదటి ఏడు చేసిన తప్పు మీకు చెప్పాలె.

ఇదివరకు మన కాయ కొత్తపేట మార్కెట్‌కు పోయేది. ఏజెంటు తరుగు తీస్తే మారుమాట్లాడకుండ వచ్చేటోళ్లం. 2021ల ఆ మార్కెట్ బాటసింగారం పోయింది. ఆ తర్వాతే మా పెద్దోడు ఆన్‌లైన్‌ల అమ్ముదామన్నడు. ఐదు కిలోల బంగినపల్లి పెట్టెలు, మొదటిసారి 18. అన్నీ దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వాళ్లవే. బస్సు పార్సిల్‌ల వేసినం.

ఐదో రోజు దిల్‌సుఖ్‌నగర్‌ల ఒక రిటైర్డ్ టీచరమ్మ ఫోటో పంపింది. ఏడు కాయలు అడుగున నల్లబడ్డయి. నాకు కోపమొచ్చింది. సగం తిని పైసలు వాపసు అడుగుతుందేమో అనుకున్న. "మేం మంచి కాయలే పెట్టినం మేడం, బస్సుల నలిగితే మేమేం జేస్తం" అని రాసిన. ఆమె "సరే అండి" అని ఊకుంది. మర్నాడు ఎల్బీనగర్ నుంచి ఇంకో ఇద్దరి ఫోటోలు.

వకీలు దగ్గర గుమస్తాగ ఉన్న మా బావమరిదిని అడిగిన. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం, కొన్నోళ్లు పంపమంటే సరుకు రవాణా వాళ్లకు అప్పజెప్పినమంటే మామూలుగా కొన్నోళ్లకు అందినట్టే లెక్క అన్నడు. నాకు ప్రాణం లేచొచ్చింది. "ఆగు బావా" అన్నడు. సరుకుకు తగ్గట్టు రవాణా ఏర్పాటు చెయ్యకపోతే ఆ లెక్క చెల్లదని గూడ అండ్లనే ఉన్నదట. మా రసీదు వెనక చూస్తే పాడయ్యే సరుకుకు బాధ్యత లేదని చిన్నక్షరాల్లో ఉంది. నేను చదవనే లేదు.

రెండో విడతకు అదే బస్సుల నేను గూడ ఎక్కిన. ఎల్బీనగర్‌ల డిక్కీ తెరిస్తే మా పెట్టెల మీద బియ్యం మూటలు. హమాలీ పెట్టె తలకిందులు దించిండు. వాళ్లది తప్పే. కానీ అక్కడే ఒక పెట్టె విప్పి చూస్తే లోపల ఆవిరి, తొడిమలు మొదలుకంటా ఇరిగినయి, సొన కారి తొక్క కాలింది. పెట్టెకు ఒక్క బొక్క లేదు. ఇంకోటి చెప్పాలె, చెప్పనీకె సిగ్గయితుంది. మొదటి విడత రోజు కూలీలు ఆలస్యంగ వచ్చిండ్రు, కొమ్మలు దులిపిండ్రు. కిందపడ్డ కాయలు మంచి కాయల్ల కలుస్తుంటే చూసి గూడ ఊకున్న. కిందపడ్డ కాయ ఆ రోజు బాగనే కనపడ్తది. నాలుగు రోజులకు లోపల నల్లబడ్తది.

ఒక పెట్టె చేతబట్టుకొని మెట్రో ఎక్కి మూడో స్టేషన్ల దిగి టీచరమ్మ ఇంటికి పోయిన. మంచినీళ్లిచ్చింది. "కాయలు పోయినందుకు కాదు, నేను అబద్ధమాడినట్టు రాసిండ్రు, అదే బాధయింది" అన్నది. నాకు నోట మాట రాలె. పెట్టె తీసుకోనంటే అక్కడ పెట్టి వచ్చిన.

ఇప్పుడు చిక్కంతోనే కోస్తున్నం, వేలు కణుపంత తొడిమ ఉంచి. సొన కారేదాకా బోర్లేసి, నీడన ఆరినంక బొక్కలున్న గట్టి అట్టపెట్టెల, కాయకూ కాయకూ మధ్య కాగితపు ముక్కలు పెడుతున్నం. కిందపడ్డయి ఇంట్ల తినుడే, లేకుంటే పచ్చడికి. మూసేముందు ఫోటో తీసి రసీదుతో కలిపి కొన్నోళ్లకు పంపుతున్న. విప్పిన రోజే ఫోటో పెట్టమంటున్న. ఎన్ని కాయలు చెడితే అన్నిటి పైసలు అదే పూట వాపసు, అడ్డుప్రశ్న లేదు. దానికని పెట్టెకు 20 రూపాయలు ధరలనే కలిపిన. పోయినేడు అందుల సగం గూడ ఖర్చు కాలె. విప్పేటప్పుడు వీడియో తీసి పంపమనాలె అని పెద్దోడు ఇంకా అంటనే ఉన్నడు. నేను ఒప్పుకోలె.

టీచరమ్మ ఈసారి మూడు పెట్టెలు చెప్పింది, చెల్లెలికి గూడ. బొక్కల అట్టపెట్టెలు ఒక్కనికి తెస్తే కిరాయి మీద పడుతుంది. చౌటుప్పల్ దిక్కు ఎవరన్న కలుస్తరా, కింద రాయుండ్రి.