రెండు యంత్రాలు, ఒక మీటలపలక

రెండు కంప్యూటర్లకు ఒకే మీటలపలక, ఒకే మౌసు, ఒకే తెర సరిపోతాయా అన్నది పైకి చిన్న సాంకేతిక ప్రశ్న. సరిపోతాయి. అందుకు కేవీఎం స్విచ్చి అనే పెట్టె ఒకటున్నది. కీబోర్డు, వీడియో, మౌసు అన్న మూడు మాటల తొలి అక్షరాలే దాని పేరు. 2007లో నేను అటువంటిదొకటి కొన్నాను. ఎందుకు కొన్నానో చెబితే, తెరమీద తెలుగు కోసం పాట్లు పడ్డ మిత్రులకు అది తమ కథలాగే తోచవచ్చు.

మా నాన్నగారు ఉద్యోగ విరమణ తరువాత, విండోస్ 98 యంత్రం మీద తన ఊరి సేద్యాన్ని గురించి 140 పుటలు రాసుకున్నారు. ఏతం, గూడ, మోట, చెరువు తూముల దగ్గర వంతులు, తగవులు, అన్నీ అందులో ఉన్నవి. అయితే ఆ రాత యూనికోడు కాదు. ఆంగ్లాక్షరాల సంకేతాలకు తెలుగు వేషం తొడిగే పాతకాలపు ఖతి అది. ఖతి తీసివేస్తే మిగిలేది అర్థంలేని ఆంగ్లాక్షరాల గుంపు. యూనికోడులో ‘స్త్రీ’ అంటే స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, వెరసి ఆరు సంకేతాలు. పాత ఖతిలోనో, కంటికి కనబడే ఆకారాన్ని ముక్కలుచేసి పేర్చడమే. ఆ ముక్కలకు ఏ సంకేతాలివ్వాలన్నది ఖతి చేసినవారి ఇష్టం. పత్రికల ఖతులను మార్చిపెట్టే ‘పద్మ’ వంటి ఉపకరణాలు ఆనాడు ఉన్నా, నాన్నగారి ఖతి నాకు దొరికిన ఏ ఉపకరణానికీ అంతుపట్టలేదు. పైగా ఆ రాతను తెరిచే డీటీపీ సాధనం, యంత్రం వెనుక తగిలించిన తాళపు బిళ్ళ లేనిదే పలికేది కాదు. నా కొత్త యంత్రానికి ఆ బిళ్ళ పట్టే రంధ్రమే లేదు. ప్రింటరుకు విండోస్ 98 డ్రైవరు లేదు. ఇక మిగిలిన దారి ఒక్కటే. అక్కడ చదివి, ఇక్కడ మళ్ళీ టైపు చేయడం.

బల్ల మీద 17 అంగుళాల గాజు తెర ఒక్కదానికే చోటు. అందుకే స్విచ్చి. స్క్రోల్ లాక్ మీటను రెండుసార్లు నొక్కితే తెర టక్కుమని ఆరి, రెండవ యంత్రం కనబడేది. ఈ పెట్టె చేసే గారడీ ఒకటి చెప్పాలి. పాత యంత్రాలు మీటలపలక కనబడకపోతే మొదలయ్యేటప్పుడే ఆగిపోయి, ముందుకు సాగాలంటే ఎఫ్1 నొక్కమనేవి. లేని పలక మీద ఎలా నొక్కాలో వాటికే తెలియాలి! స్విచ్చి తానే మీటలపలక వేషం వేసి, మనం పక్క యంత్రంతో పనిచేస్తున్నప్పుడు కూడా ‘నేనిక్కడే ఉన్నాను’ అని రెండవదాన్ని నమ్మిస్తుంది.

తెర ఒక్కటే గనుక రెండు రాతలూ ఒకేసారి కనబడవు. వాక్యాన్ని చదివి, మనసులో నిలుపుకొని, మీట నొక్కి, ఇటు రాయాలి. పలక నాన్నగారిదే. ఆయన వేళ్ళకు అరిగిన మీటలు టైపురైటరు వరుసవి. నాది హల్లులు కుడిచేతికీ అచ్చులు ఎడమచేతికీ వచ్చే ఇన్‌స్క్రిప్టు. అదే మీట అక్కడ ఒక అక్షరం, ఇక్కడ మరొకటి.

అప్పటికి నాన్నగారికి చూపు బాగా తగ్గింది. తన రాతను తాను చదువుకోలేరు. అందుకని నేను పైకి చదివేవాణ్ణి, ఆయన పడక కుర్చీలో వినేవారు. ఒకనాడు గూడ వేయడం గురించి చదువుతున్నాను. గట్టుకు ఇద్దరు ఎదురెదురుగా నిలిచి, తాళ్ళు పట్టి, బుట్టను ఊపుతూ నీళ్ళు పైకి తోడడం. ఆయన నవ్వి, “అక్కడ ఒక్క గూడకు ఇద్దరు మనుషులురా, ఇక్కడ ఒక్క మనిషికి రెండు కంప్యూటర్లా!” అన్నారు.

2008 వేసవిలో పాత హార్డుడిస్కు ఆగిపోయింది. అప్పటికి రెండు అధ్యాయాలు మిగిలాయి. వాటిని నాన్నగారు నోటితో చెప్పారు, నేను రాశాను. రాతలో ఏమున్నదో ఇక పోల్చి చూడలేము. చెప్పినదానిలో మాత్రం తాతగారు తూము దగ్గర పడిన దెబ్బల సంగతి ఉన్నది. అది రాశారా అని అడిగితే, “రాయలేదు, నువ్వడిగావని చెప్పాను” అన్నారు.

ఇప్పుడు పెట్టె లేకుండానే, నెట్‌వర్కు మీదుగా మౌసును ఒక తెర అంచు దాటించి పక్క యంత్రంలోకి పంపవచ్చు. మైక్రోసాఫ్టువారి ‘మౌస్ వితౌట్ బార్డర్స్’ 2011లో వచ్చి, 2023లో పవర్‌టాయ్స్‌లో చేరింది. ఒక యంత్రంలో నకలు తీసిన తెలుగును రెండవదానిలో అతికిస్తే తెలుగుగానే ఉంటుంది. ఆ మేలు మౌసుది కాదు, యూనికోడుది.

మీ అటకల మీద కూడా పాత యంత్రాలు ఉండవచ్చు. డిస్కు తిరుగుతుండగానే ఒకసారి తెరవండి. రాసినవారు ఇంకా ఉంటే, వారిని పక్కన కూర్చోబెట్టుకొని పైకి చదవండి.