ఊటలో చలి కాచుకునేవి

రాత్రి ఉత్తరపు గాలి దిగింది. "రేప్పొద్దున్నే బ్లూ స్ప్రింగ్‌కి పోదాం అన్నా, చలి ముదిరితేనే అవి వస్తాయి" అంది చెల్లెలు. ఫ్లోరిడాలో చెల్లెలుండే ఓర్లాండో నుంచి బ్లూ స్ప్రింగ్ ఉన్న ఆరెంజ్ సిటీ గంటలోపు ప్రయాణం. మేం చేరేసరికే గేటు ముందు కార్లు బారులు తీరాయి.

అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్ళు, చేతికర్ర. ఎక్కడికి తీసుకెళ్ళినా ఆమె నడక గురించే మా బెంగ. ఇక్కడ ఆ బెంగ లేదు. సెయింట్ జాన్స్ నది ఒడ్డు నుంచి ఊట పుట్టే గుండం దాకా, అర కిలోమీటరు పైచిలుకు, చెక్కలు పరిచిన దారి. చక్రాల కుర్చీ కూడా పోతుంది. పైన ఓక్ కొమ్మల నుంచి బూడిదరంగు స్పానిష్ మాస్ జడల్లా వేలాడుతోంది.

మొదటి మంచె దగ్గరే ఆగిపోయాం. నీళ్ళ అడుగున పెద్ద పెద్ద బండలు పరిచినట్టుంది. వాటిలో ఒక బండ మెల్లగా పైకి తేలి, రెండు ముక్కురంధ్రాలు తెరిచి, బుస్సుమని ఊపిరి వదిలి మళ్ళీ దిగింది. మనాటీలు! మూడు మీటర్ల పొడవు, నాలుగైదు వందల కిలోల బరువు. గడ్డీ నాచూ మేసే జీవాలు. వీటికి దగ్గరి చుట్టం ఏనుగట. ఈత రెక్కల చివర ఉన్న గోళ్ళు చూశాక నమ్మాను.

"మన మహానంది కోనేరే కదరా ఇది" అంది అమ్మ. ఎంత లోతున్నా అడుగు కనబడే నీళ్ళు, చలికాలంలో వెచ్చన, ఎండాకాలంలో చల్లన. నేల లోతుల్లోంచి వచ్చే నీటికి బయటి రుతువులతో పనిలేదు. ఇక్కడ ఏడాది పొడుగునా 22, 23 డిగ్రీలే. మనాటీకి ఒళ్ళు పెద్దదే కానీ చలి ఆపే కొవ్వు పొర పలచన, ఒంట్లో వేడి పుట్టడం నిదానం. నది నీరు 20 డిగ్రీల కిందికి జారితే దానికి ప్రాణగండం. అందుకే ఈ ఊట కాలువలోకి వచ్చి చలి కాచుకుంటాయి. తిండి మాత్రం ఇక్కడ దొరకదు. ఎండ ఎక్కాక నదిలోకి వెళ్ళి మేసి రావాలి.

1970 ప్రాంతంలో ఇక్కడ లెక్కకు వచ్చినవి 14. ఆ రోజుల్లోనే సముద్ర పరిశోధకుడు జాక్ కూస్తో బృందం ఇక్కడ వీటి మీద చిత్రం తీసింది. 1972లో రాష్ట్రం ఈ చోటు కొని పార్కు చేసింది. 2024 జనవరిలో ఒక్కరోజే 932 కనిపించాయి! నవంబరు మధ్య నుంచి మార్చి చివరి దాకా ఈ నీళ్ళలో ఈతా లేదు, పడవా లేదు. జనం చెక్కదారి మీదే నిలబడాలి. ఇంత మంచి నీళ్ళు కళ్ళముందుంచుకుని ఎవరూ దిగకపోవడం నాకు గొప్పగా అనిపించింది.

దాదాపు ప్రతి వీపు మీదా తెల్లని గాట్లు ఉన్నాయి. బయట నదిలో పడవ ఇంజన్ల రెక్కలు కోసినవి. ఏది ఏదో పరిశోధకులు ఆ మచ్చలను బట్టే గుర్తుపడతారు. గుర్తుపట్టడానికి గాయమే ఆనవాలు కావడం చూసి మనసు చివుక్కుమంది. కొన్నిటి వీపులకు నల్లని చేపలు అతుక్కుని నాచు గీకుతున్నాయి. దక్షిణ అమెరికా నుంచి అక్వేరియాల దారిలో వచ్చిపడ్డ సక్కర్ చేపలు. మన చెరువుల్లో రైతులు దెయ్యం చేప అని తిట్టుకునేది వీటి జాతినే.

చివర గుండం. సున్నపురాయి చీలికలోంచి నీరు సుళ్ళు తిరుగుతూ పైకి పొంగుతోంది. భూమి లోపలి నీటిలో ప్రాణవాయువు తక్కువ కాబట్టి అక్కడ చేపలు పలచన. ఓర్లాండో ఇళ్ళ కుళాయిల్లోకి వచ్చేదీ, చెల్లెలి ఇంటిముందు పచ్చికను తడిపేదీ ఈ సున్నపురాయి పొరల నీరే. తోడకం పెరిగే కొద్దీ ఊట తగ్గుతుంది. ఊట తగ్గితే వెచ్చని చోటు కుదించుకుపోతుంది. అందుకే ఈ ఊటకు ఇంత నీరు మిగలాల్సిందేనని 2006లో నియమం పెట్టారు. చెల్లెలు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "స్ప్రింక్లర్ వారానికి ఒక్కరోజే పెట్టుకుంటా" అంది చివరికి.

తిరుగుదారిలో ఓ తల్లి రెక్క కింద, చంక దగ్గర మూతి పెట్టి పిల్ల పాలు తాగుతోంది. అమ్మ కర్రను కటకటాలకు ఆనించి వంగి చూసింది. పిల్ల ఊపిరికి ఒకసారి పైకొచ్చింది. రెండోసారి కూడా చూసి కదులుదామంది అమ్మ. మేమూ నిలబడ్డాం.